కానిస్టేబిలు: పేరు వచ్చెను, పదవి రాలేదు

పోలీసు భయము లేనిచో లోకము నిలువదని మన విశాఖలోని పెద్దమనుష్యులు కొందఱు తఱచుగా ననుచుందురు. వారి వాకిట నిలిచి సలాము చేయు పోలీసు వేఱు, తెల్లవారకమునుపే కొండగూడెములోనికి పోవు పోలీసు వేఱు. కనుకనే భయమును పొగడుట వారికి సులభము.

కానిస్టేబిలను మాటకు లాటినునందు మూలార్థము అశ్వశాలాధ్యక్షుడు. ఇంగ్లండున 1285 నాటి వించెస్టరు శాసనముతో నా పేరిటి యుద్యోగికి ప్రాంతపు శాంతిని గాచు భారము స్థిరపడెను. పిమ్మట గ్రామములవారు తమలో నొకని నీ పనికి నిలుపుకొనుచుండిరి. మన తలారియు నిట్టివాడే. దొంగ జాడ తీయుట, పొలిమేర నెఱుగుట వాని పని. కళ్లమున రైతు లిచ్చు గింజలే వాని కూలి. (ఆ పనిని వంశమునకును కులమునకును ముడివేసిన దోషము గలదు, తలారిని మరల తెండని నేననుట లేదు.)

1829లో లండనున పీలు మంత్రి నిలిపిన కానిస్టేబిలు చేత నుండినది కఱ్ఱ మాత్రమే. ఆ యేర్పాటు మనకు రాలేదు. ఐర్లండు ప్రజల నణచుటకై తుపాకులిచ్చి బారకులలో నుంచిన దళమే మనకు మాదిరి యయ్యెను. శిస్తుకొఱకును, నేర మొప్పించుటకును ఒక్క యుద్యోగులే ప్రజల వ్రేళ్లను కిట్టిలో నొక్కుచున్నారని 1855లో మద్రాసు విచారణ సంఘము వెల్లడించెను. పిమ్మట 1859లో 24వ చట్టము పుట్టి, పోలీసును శిస్తునుండి విడదీసెను. అంతవఱకు మేలే. కాని ఊరికి జవాబు చెప్పవలసినవాడు పైయధికారికి మాత్రమే జవాబు చెప్పువా డయ్యెను.

తరువాతి కథ మన మన్నెమున నున్నది. రంపలో రగిలి గొలుగొండకు ప్రాకిన 1879 పితూరీకి చిగురుపన్నుతోపాటు పోలీసుల పీడనయు కారణమే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొదట ముట్టడించినది చింతపల్లి పోలీసు ఠాణాను. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. ఆయనకు తుపాకులు కావలసియుండెను, నిజమే. కాని తెల్లదొర యరుదుగా కానవచ్చు నా కొండలలో ప్రభుత్వమనగా నెవరో మన్నెపువారికి చెప్పనక్కఱలేదు.

ఇది పరపాలకుల పాపమని చేతులు దులుపుకొందమా? 2007 ఆగస్టులో పాడేరు ప్రాంతమునందలి వాకపల్లిలో గ్రేహౌండ్సు పోలీసులు తమ్ము చెఱచిరని 11 మంది గిరిజన స్త్రీలు మొఱపెట్టిరి. 2023 ఏప్రిలులో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానము దర్యాప్తు లోపములను తప్పుపట్టి, నిందితులను విడిచి, ఆ స్త్రీలకు పరిహార మిమ్మనెను. నేరము ఋజువు కాలేదు, ఒప్పుకొందము. దర్యాప్తు చేసినవా రెవరు? పోలీసులే! తన శాఖమీది ఫిర్యాదును తానే తూచు తక్కెడను ఏ కోమటి కొట్టులోనైన మనమొప్పుకొందుమా?

అరెస్టు చేయు పోలీసు తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెనని 1996లో డి.కె. బసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్దేశించెను. పోలీసులపై ఫిర్యాదులను విచారించుటకు రాష్ట్రమునను జిల్లాలలోను వేఱు మండలు లుండవలెనని 2006లో ప్రకాశసింగు వ్యాజ్యమున నాజ్ఞాపించెను. భయమును పొగడు పెద్దలు గూడెములోనికి పోవు జవాను రొమ్మున పేరు గలదేమో, వానిపై ఫిర్యాదు తీసికొను మండలి యే వీథిలో నున్నదో ముందు కనుగొని, ఆ సంగతి యీ పత్రికకే వ్రాయుదురుగాక.