గేటు దాటిన జ్వరం ఎవరి లెక్క?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఇన్‌ఫెక్షనే కారణమని ప్రభుత్వ విచారణలో తేలింది. నష్టపరిహారం ప్రకటించారు, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. కానీ ఒకే రోజు, ఒకేచోట ఆపరేషనైన నలుగురు పోబట్టి విచారణ జరిగింది. పోయింది ఒక్కరే అయివుంటే? ఆ ఒక్కరు ఏ రాయలసీమ పల్లెలోనో ఉండివుంటే?

గండికోటలో ఒక బాలింతను ఊహించుకుందాం. జమ్మలమడుగులో సిజేరియన్ అయింది. ఇంటికొచ్చాక కుట్ల దగ్గర చీము పట్టింది. ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేశాడు. తగ్గలేదు. ప్రొద్దుటూరు వెళ్ళింది, అక్కడినుంచి కడప. ఒక్కోచోట ఒక్కో కేసు షీటు. ఆపరేషన్ చేసినచోట మాత్రం ఆమె క్షేమంగా డిశ్చార్జి అయిన మనిషే! ఇంట్లోవాళ్ళు పథ్యం తప్పిందంటారు, ఆస్పత్రివాళ్ళు శుభ్రత లేదంటారు. ఎటు తిరిగీ తప్పు ఆమెదే.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. చేరేనాటికి లేని ఇన్‌ఫెక్షన్ 48 గంటలు దాటాక బయటపడితే అది ఆస్పత్రిలో సోకిందేమోనని చూడాలి. ఆపరేషన్ గాయమైతే 30 రోజుల వరకూ చూడాలి. ప్రతి జ్వరాన్నీ ఆస్పత్రి మీదకు నెట్టమని మనం అనడం లేదు. తేల్చి రాయమంటున్నాం. అందుకు చికిత్స ఆలస్యం కాకుండా, యాంటీబయాటిక్ ఇచ్చేముందే చీము కల్చర్‌కు పంపాలి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ బాలింత జ్వరానికి కారణం వెతికింది రెండు ప్రసవ వార్డుల మరణాల లెక్కలు పోల్చిచూసే. ఆ లెక్కలే లేకపోతే వైద్యుల చేతుల మీదికి అనుమానం పోయేదా?

ఆస్పత్రిలో ప్రసవమైతే 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి వెళ్ళి తల్లీబిడ్డలను చూడాలన్న నియమం ఉండనే ఉంది. ఆమె చూసిన కుట్ల సంగతి ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రిజిస్టరుకు చేరాలి. ఎన్ని ఆపరేషన్లకు ఎన్ని ఇన్‌ఫెక్షన్లో రెండు అంకెలూ ప్రకటించాలి. నిజం రాసిన నర్సును శిక్షిస్తే రిజిస్టరులో మిగిలేవి సున్నాలే. సున్నా చూపిస్తే, ఎవరు, ఎన్ని రోజులు, ఎలా వెతికారని అడగాలి.

మన సంఘాలు కూడా చావు జరిగాకే లెక్కలు మొదలుపెడుతున్నాయి. ఇకనైనా డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు దాచుకొమ్మనీ, జ్వరం మొదలైన తేదీ రాసిపెట్టమనీ ప్రతి బాలింతకూ చెబుదాం. ఆ కాగితాలు పట్టుకునే జిల్లా వైద్యాధికారిని అడుగుదాం.