బూటు పేరు కాదు, అడుగు చూడండి



ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ నడక పరీక్ష అంటే 4 గంటల్లో మగవాళ్లకి 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకి 16. మన హాస్టల్లో చాలామంది దానికోసం పొద్దున్నే కొండ దారుల్లో పరుగెడుతున్నారు. పోయిన వానాకాలం నేను స్కాలర్‌షిప్ డబ్బుతో పెద్ద కంపెనీ గుర్తున్న డూప్లికేట్ షూ కొన్నాను. ఎర్రమట్టి దిగుడులో జారి చీలమండ బెణికింది. మూడు వారాలు గదిలోనే.

అప్పుడు తిరగేసి చూశాను. అడుగు నున్నగా ఉంది, తారు రోడ్డు షూ. మన దారులకి అడుగున పళ్లు 4, 5 మిల్లీమీటర్ల లోతుగా, ఎడంగా ఉండాలి, బురద రాలిపోవాలి కదా. వాటర్‌ప్రూఫ్ మోజు కూడా వద్దు. గెడ్డ దాటేటప్పుడు పైనుంచి దిగిన నీళ్లు అందులోనే ఉండిపోతాయి. జాలీ గుడ్డదైతే తొందరగా ఆరుతుంది.

ఇంకో మాట. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు మనవి, వేళ్ల దగ్గర వెడల్పు. షాపువాడు "నీ కాలే తేడా" అంటే సిగ్గుపడొద్దు. సాయంత్రం పూట, సాక్స్ వేసుకుని, వేళ్లు విప్పుకునేలా ఉందో లేదో చూడండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. షూ కోసం కాలుని నొక్కుకోవడం ఏంటి?

తక్కువ ధరలో మంచివి మీకు తెలిస్తే కింద రాయండి. తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తుంది.