పానీయములకు ప్రదర్శనశాలలు

అమెరికాలోని అట్లాంటా నగరమున కోకాకోలా యను తియ్యని నీళ్లకొక గొప్ప ప్రదర్శనశాల గలదు. కేరళమున మున్నారులో తేయాకునకును, ఆంధ్రప్రదేశమున అరకులోయలో కాఫీకిని అట్టివి వెలసినవి. బాటసారులు ఆగి, వింతలు చూచి, ఒక గుక్క త్రాగి సాగిపోవుదురు. వినోదమే గాని వ్యర్థము గాదు. అరకులో కాఫీ పండించు గిరిజనుల శ్రమ అట్లు నలుగురి కంటబడును.

మరి మా మేడిపల్లి ప్రాంతపు పానీయమేది? తాటిచెట్టును ఈతచెట్టును ఇచ్చునదే. కల్లును మేము మెచ్చము. అది కూల్చిన సంసారముల నెరుగుదుము. కాని తెల్లవారకమునుపు దింపిన నీరాకు మత్తు లేదు; పులిసిన పిదపనే అది కల్లగును. 2023లో హైదరాబాదున హుస్సేనుసాగరపు టొడ్డున ప్రభుత్వము నీరా కేఫు తెరచినప్పుడు మేము సంతసించితిమి.

అయినను మన యూరి బాట ప్రక్కనే ఒక చిన్న గది యుండవలెనని మా యభిప్రాయము. అందు మోకు, ముస్తాదు, గీతకత్తి, లొట్టి యుంచవలెను. మోకు నొక్కదానినే నమ్మి మనిషి అంతయెత్తున ప్రాణము నిలుపుకొనుచున్నాడు. పట్టు తప్పినచో ఇల్లంతయు నేలకూలును. సీసాపై పేరు చదువగల మన పిల్లలలో మోకు కట్టుట చూచినవా రెందరు? వారమున కొకనాడు గీతకార్మికునిచేతనే ఆ పని చెప్పింపవలెను.

మిషను బడివారికి కల్లులొట్టితో పనియేమని కొందరందురు. ఖాళీ లొట్టికి మత్తు లేదు. చోటు లేదందురేని, మన పడమటి వసారా యున్నది.