చెంచు పెంట నీళ్ళు ఎవరు కొలవాలి?

2019 మే నెలలో కేంద్ర ప్రభుత్వ అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతి తెలిపింది. అడిగింది అణుశక్తి శాఖ కింద పనిచేసే ఖనిజాల డైరెక్టరేట్. ఆ మాట బయటికి రాగానే నల్లమల అట్టుడికింది. చెంచు పెంటలు, లంబాడీ తండాలు, కింది ఊళ్ళ కైకిలి జనం, పట్నంలో చదువుకునే పిల్లలు అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. అదే ఏడు సెప్టెంబర్ 16న రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అది ప్రజలు పోరాడి తెచ్చుకున్న తీర్మానం.

అయితే తీర్మానం కాగితం మీద ఉంది. యురేనియం నేల కింద ఉంది. ఒకసారి అడిగినవాళ్ళు మరోసారి అడగరని నమ్మకం ఏమిటి? అప్పుడు వాళ్ళు ఉత్త చేతులతో రారు. "ఆరోగ్యానికి ముప్పు లేదు, లెక్క కట్టాం" అని రిపోర్టు పట్టుకొని వస్తారు. ఆ లెక్క ఎట్లా కడతారో ముందే తెలిసి ఉండాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

లెక్కలో మూడు మెట్లు ఉంటాయి. నీళ్ళలో, గాలిలో, మట్టిలో విషం ఎంత ఉంది? అది ఏ దారిన మనిషి ఒంట్లోకి పోతుంది? ఆ మనిషి ఎటువంటివాడు? మొదటి మెట్టు యంత్రం చెబుతుంది. మోసం జరిగేది తరువాతి రెండు మెట్ల దగ్గరే.

తాగునీటికి హద్దులు కట్టేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణంగా పెద్ద మనిషి బరువు 60 కిలోలనీ, రోజుకు తాగేది 2 లీటర్లనీ అనుకుంటుంది. ఎండాకాలం పొద్దున ఆరింటికి కైకిలికి పోయి మిట్టమధ్యాహ్నం దాకా వంగి పనిచేసే మన ఆడకూలీ 2 లీటర్లతో ఊకుంటుందా? ఆమె బరువు 60 కిలోలు ఉందా? చెంచు మనిషి సంగతి ఇంకా వేరు. అతను తాగేది వాగు పక్కన తోడుకున్న చెలిమె నీళ్ళు. తినేది మట్టిలోంచి తవ్విన గడ్డలు, అడవి పండ్లు, ఇప్పపువ్వు, తేనె. పండుకునేది మట్టి నేల మీద. నీళ్ళ దారి, తిండి దారి, ధూళి దారి మూడూ ఒకే ఒంట్లో కలుస్తాయి. ఆ ఒళ్ళు సరైన తిండి లేక, రక్తం తక్కువై ముందే నీరసించి ఉంటుంది. యురేనియం నీళ్ళతో లోపలికి పోతే మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను. దాని వెంట ఉండే రేడియం ఎముకల్లో చేరుతుంది. రేడాన్ అనే వాయువు గనిలో పనిచేసేవాడి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పుట్టిస్తుంది. పట్నం మనిషి కొలతతో చెంచు బిడ్డకు చొక్కా కుట్టి, సరిపోయిందని సంతకం పెడితే ఒప్పుకుందామా?

సరిపోయే అంకె అనేది కూడా మారుతూ వచ్చింది. నీళ్ళలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టుకున్న హద్దు 60. శాస్త్రం తన మాట సవరించుకోవడం తప్పు కాదు. కానీ ఇన్నిసార్లు మారిన అంకెను దేవుడి వాక్కులాగా జనం ముందర పెట్టి నోరు మూయించడం తప్పు.

కొలిచేది ఎవరు, ఎవరికి చెబుతారు అనేది అసలు ప్రశ్న. అమెరికాలో నవాహో ఆదివాసుల నేలలో 1944 నుంచి 1986 దాకా సుమారు 3 కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. 1950లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ గని కార్మికులను పరీక్షించడం మొదలుపెట్టింది. పరీక్షించారు, రాసుకున్నారు. ప్రమాదం ఏమిటో మాత్రం కార్మికులకు చెప్పలేదు. నష్టపరిహార చట్టం 1990లో వచ్చింది. కడుపులో బిడ్డల మీద ఆ విషం ఏం చేస్తున్నదో చూసే పెద్ద సర్వే 2010 తర్వాత గాని మొదలు కాలేదు. 500కు పైగా వదిలేసిన గనులు మిగిలాయి. కొలత లేక కాదు, కొలత వాళ్ళ చేతిలో లేక నవాహోలు నష్టపోయారు.

మన దేశంలో జాదుగూడ ఉంది. జార్ఖండ్‌లో సంథాల్, హో ఆదివాసుల ఊళ్ళ నడుమ 1967 నుంచి యురేనియం గని నడిచింది. 2007లో శాంతి కోసం పనిచేసే డాక్టర్ల సంఘం ఒకటి దగ్గరి ఊళ్ళను, దూరపు ఊళ్ళను పోల్చి చూసింది. దగ్గరి ఊళ్ళలో అవకరాలతో పుట్టే పిల్లలు, బిడ్డలు కలగని దంపతులు ఎక్కువని చెప్పింది. కంపెనీ ఒప్పుకోలేదు. మన పక్కన కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి గని, మిల్లు నడుస్తున్నాయి. మిల్లు వ్యర్థం నింపే చెరువు పక్క ఊళ్ళ రైతులు బోర్లు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయనీ మొత్తుకున్నారు. మా వల్ల కాదు అంది కంపెనీ. గని రాకముందు ఆ నీళ్ళు, ఆ ఒళ్ళు ఎట్లా ఉండేవో చెప్పే కాగితం రైతు చేతిలో ఉంటే ఈ వాదన ఇన్నేళ్ళు సాగేదా?

గద్వాల, వనపర్తి మిత్రులు కొందరు అంటున్నారు: మేం కృష్ణకు ఎగువన ఉన్నాం, నల్లమల గొడవ మాకెందుకని. గద్వాల సీడు పత్తి చేలలోకి పోయి చూడండి. పువ్వు పువ్వుకు చేత్తో క్రాసింగ్ చేసే ఆడకూలీలు, బడి మానిన పిల్లలు, నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ దిగుతున్నారు. డబ్బా మీద సన్నటి అక్షరాలతో జాగ్రత్తలు రాసి ఉంటాయి. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ, బూట్లు. పాలమూరు ఎండలో ఇవన్నీ తొడుక్కొని పనిచేసే కూలీని మేం ఇంతవరకు చూడలేదు. ఇచ్చిన ఆసామినీ చూడలేదు. కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో వడదెబ్బ అని రాస్తారు. లేని మనిషిని ఊహించి కట్టిన లెక్క అది. చెంచుల మీద మోపబోయేదీ అదే లెక్క. అందుకే ఇది ఒకే పోరాటం అంటున్నాం.

మన కార్యకర్తల్లోనే మరొక అనుమానం ఉంది. ఆరోగ్య సర్వే అడిగితే తవ్వకానికి సగం ఒప్పుకున్నట్టు కాదా? రోగాలున్నాయని చూపి చెంచులను అడవి నుంచి దించెయ్యరా? ఈ అనుమానం కొట్టిపారేయదగింది కాదు. చెంచుల మేలు అనే పేరుతోనే చెంచులను కదిలించిన చరిత్ర ఉంది. అయినా మా జవాబు ఇది: తవ్వకం వద్దు అనే మాటలో మార్పు లేదు. కానీ గ్రానైటు నేలల్లో తవ్వకపోయినా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, యురేనియం సహజంగానే ఉండొచ్చు. మంచినీళ్ళు ఎట్లా ఉన్నాయో తెలుసుకోవడం తవ్వకంతో పని లేని హక్కు. కొలత మన చేతిలో లేకపోతే రేపు వాళ్ళ చేతిలో ఉంటుంది. అప్పుడది మన మీదికే వస్తుంది.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ప్రతి పెంటలో చెలిమె, వాగు, బోరు నీళ్ళను ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి పరీక్ష చేయాలి. గనితో, కంపెనీతో సంబంధం లేని డాక్టర్లు పెద్దలను, పిల్లలను, గర్భిణులను చూడాలి. ఏం తింటారు, ఎంత తాగుతారు అనేది చెంచులనే అడిగి రాయాలి. ఫలితం తెలుగులో, గ్రామసభలో చదివి వినిపించాలి. ఒక ప్రతి పెంటలోనే ఉండాలి. గ్రామసభ సమ్మతి లేనిదే ఆ కాగితం మరో పనికి వాడకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం తన అడవిని, తన నీటి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. సీడు పత్తి చేలలో మందు కొట్టిన రోజు, కొట్టిన మందు పేరు రాసిపెట్టాలి. పడిపోయిన కూలీకి రక్తపరీక్ష చేయాలి.

సర్కారు చేసేదాకా కూర్చోవద్దు. ప్రతి ఊరి సంఘం ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎవరికి ఏ జబ్బు, ఏ నెలలో, ఏ పని చేస్తుండగా వచ్చిందో రాయాలి. చదువు వచ్చిన పిల్లవాడు రాస్తాడు, ముసలమ్మ చెబుతుంది. పెద్ద శాస్త్రం ఏమీ అక్కర్లేదు. రేపు రిపోర్టు పట్టుకొని వచ్చినవాడి ముందు మన పుస్తకం తెరిచి, "మా లెక్క ఇది, నీ లెక్కతో పోల్చు" అనగలగాలి.