ఓటమి ఖాయమని తెలిసినా కదల్లేదు.. ఎవరీ యూన్ సాంగ్‌వోన్? గ్వాంగ్జు తిరుగుబాటులో ఆయన చేసిందేంటి?

2024 డిసెంబర్ 3 రాత్రి. దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ ఉన్నట్టుండి టీవీలోకి వచ్చి మార్షల్ లా ప్రకటించారు. ఆ తర్వాత జరిగిందంతా ప్రపంచం లైవ్‌లో చూసింది. జనం పార్లమెంట్ దగ్గరకు పరుగులు తీశారు. కొందరు ఎంపీలు గోడలు దూకి లోపలికి వెళ్లారు. లోపలికి చేరిన 190 మందీ మార్షల్ లా రద్దు చేయాలని ఓటేశారు. వ్యతిరేకంగా ఒక్క ఓటు కూడా పడలేదు. దాదాపు ఆరు గంటల్లోనే అధ్యక్షుడు వెనక్కి తగ్గాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను పదవి నుంచే తప్పించింది.

అర్ధరాత్రి చలిలో, సాయుధ సైనికులకు ఎదురుగా జనం అంత వేగంగా ఎలా వచ్చారు? కొరియాలో ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు ఒక్కటే.. గ్వాంగ్జు. ఆ గ్వాంగ్జు కథలో తప్పక వినిపించే పేరు యూన్ సాంగ్‌వోన్. మొన్నటి అధ్యక్షుడిదీ ఈయనదీ ఇంటిపేరు ఒకటే. దారులు మాత్రం పూర్తిగా వేరు.

బ్యాంక్ ఉద్యోగం వదిలేసి..

1950లో గ్వాంగ్జు పక్కనే ఓ పల్లెలో పుట్టారు యూన్ సాంగ్‌వోన్. చొన్నమ్ నేషనల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చదివారు. సియోల్‌లో బ్యాంక్ ఉద్యోగం వచ్చింది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కానీ కొన్ని నెలలకే, 1978లో, రాజీనామా చేసి సొంతూరికి వచ్చేశారు. డిగ్రీ సంగతి దాచి ఫ్యాక్టరీలో కార్మికుడిగా చేరారు. సాయంత్రాలు ఓ నైట్ స్కూల్‌లో కార్మికులకు పాఠాలు చెప్పేవారు. ఆ బడి పేరుకు అర్థం 'కార్చిచ్చు'. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో పార్క్ కీసున్ అనే యువతి ముఖ్యురాలు. 1978 డిసెంబర్‌లో ఇంట్లో బొగ్గు పొయ్యి విషవాయువు పీల్చి ఆమె చనిపోయారు.

అసలేం జరిగింది?

1979 అక్టోబర్ 26న నియంత పార్క్ చుంగ్ హీ హత్యకు గురయ్యారు. ఇక స్వేచ్ఛ వస్తుందని జనం అనుకునేలోపే డిసెంబర్ 12న జనరల్ చున్ డూ హ్వాన్ సైన్యాన్ని గుప్పిట్లోకి తెచ్చుకున్నారు. 1980 మే 17న మార్షల్ లాను దేశమంతా విస్తరించారు. ప్రతిపక్ష నేత కిమ్ డే జుంగ్‌ను అరెస్టు చేశారు.

మర్నాడు చొన్నమ్ వర్సిటీ గేటు దగ్గర గుమిగూడిన విద్యార్థులపై పారాట్రూపర్లు లాఠీలతో విరుచుకుపడ్డారు. దారిన పోయేవాళ్లనీ వదల్లేదు. దాంతో ఊరు ఊరంతా కదిలింది. మే 20న ట్యాక్సీలు, బస్సుల డ్రైవర్లు హెడ్‌లైట్లు వేసుకుని వరుసగా సైన్యం మీదకు కదిలారు. మే 21న ప్రావిన్స్ ప్రధాన కార్యాలయం, అంటే మన సచివాలయం లాంటి భవనం, ముందు సైన్యం జనంపై కాల్పులు జరిపింది. జనం పోలీస్ స్టేషన్లలోని తుపాకులు తీసుకుని తిరగబడ్డారు. ఆ సాయంత్రానికి సైన్యం ఊరి బయటకు వెళ్లిపోయింది.

తర్వాత ఐదు రోజులు ఊరిని ప్రజలే నడిపారు. ఆడవాళ్లు వీధుల్లో అన్నం ముద్దలు చేసి పంచారు. రక్తదానానికి ఆస్పత్రుల ముందు క్యూలు కట్టారు.

పేపర్ రాయకపోతే మేమే రాస్తాం

ఈ కథలో మీడియా సంగతి చాలా ముఖ్యం. సెన్సార్ వల్ల కళ్లముందు జరిగింది కూడా పేపర్లో రాలేదు. ఓ స్థానిక పత్రిక జర్నలిస్టులు ఒక్క లైన్ కూడా రాయలేకపోతున్నామంటూ మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆ ఖాళీని యూన్, ఆయన నైట్ స్కూల్ మిత్రులు పూరించారు. చేత్తో రాసి, సైక్లోస్టైల్ చేసి 'పోరాటవీరుల బులెటిన్' వీధివీధికీ పంచారు. సైన్యం ఏం చేస్తోంది, సభ ఎక్కడ, జనం ఏం చేయాలి.. అన్నీ అందులో ఉండేవి.

మే 26న పౌర పోరాట కమిటీ ప్రతినిధిగా విదేశీ విలేకరుల ముందు కూర్చున్నారు. అమెరికా రాయబారి మధ్యవర్తిత్వం చేయాలని కోరారు. రాయబారి ఒప్పుకోలేదు. అక్కడున్న బాల్టిమోర్ సన్ విలేకరి బ్రాడ్లీ మార్టిన్.. ఈ మనిషి చనిపోబోతున్నాడని ఆయన కళ్లు చూస్తేనే తనకు అనిపించిందని తర్వాత రాశారు.

ఉండాలా? వెళ్లాలా?

అసలు చర్చ ఇక్కడే ఉంది. ఆయుధాలు అప్పగించి మరింత రక్తపాతం ఆపుదామని ఊరి పెద్దలు, కొందరు విద్యార్థులు గట్టిగా వాదించారు. వాళ్లు పిరికివాళ్లు కాదు. ట్యాంకులకు ఎదురు నడిచిన పెద్దలూ వాళ్లలో ఉన్నారు. పాత రైఫిళ్లతో సైన్యాన్ని ఆపలేమన్న వాళ్ల లెక్కా తప్పు కాదు.

యూన్ లెక్క వేరు. గ్వాంగ్జులో జరిగింది దుష్టశక్తులు రెచ్చగొట్టిన అల్లర్లని ప్రభుత్వం చెబుతోంది. తలవంచి భవనం అప్పగిస్తే ఆ మాటే చరిత్ర అయిపోతుంది. అప్పటికే చనిపోయిన వాళ్లు రౌడీలుగా మిగిలిపోతారు. అందుకే ఆయన ఉండిపోయారు. కానీ హైస్కూల్ పిల్లల్ని మాత్రం ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. బతికి, చూసింది చెప్పమన్నారు.

మే 27 తెల్లవారుజామున సైన్యం దాడి చేసింది. 29 ఏళ్ల యూన్ అక్కడే చనిపోయారు. వెళ్లమన్నా వెళ్లని కొందరు హైస్కూల్ కుర్రాళ్లూ బలయ్యారు. గ్వాంగ్జులోనే పుట్టిన నోబెల్ రచయిత్రి హాన్ కాంగ్ 'హ్యూమన్ యాక్ట్స్' నవలలోని బాలుడు అలాంటివాడే. ఆ నిర్ణయం ఖరీదు ఎంతో మర్చిపోయి యూన్‌ను పొగిడితే సగం కథే చెప్పినట్టు. అధికారికంగా గుర్తించిన పౌర మృతులే 160 మందికి పైగా. ఆచూకీ లేనివాళ్లు వేరు.

పెళ్లి పాట.. ఉద్యమ పాట

1982 ఫిబ్రవరిలో రెండు కుటుంబాలు కలిసి యూన్‌కు, పార్క్ కీసున్‌కు సమాధుల దగ్గర ఆత్మల పెళ్లి చేశాయి. వాళ్లిద్దరి స్మృతిలో పుట్టిన పాటే 'ప్రియమైన వారి కోసం కవాతు'. క్యాసెట్లలో దొంగచాటుగా ఊరూరా తిరిగింది. తర్వాత హాంకాంగ్ నిరసనల్లోనూ వినిపించింది.

1987 జూన్‌లో లక్షలమంది రోడ్డెక్కడంతో ప్రత్యక్ష అధ్యక్ష ఎన్నికలకు ప్రభుత్వం తలొగ్గింది. 1996లో చున్‌కు మరణశిక్ష పడింది. అప్పీలులో అది జీవిత ఖైదుగా మారింది. 1997 డిసెంబర్‌లో క్షమాభిక్షతో బయటకొచ్చారు. 2021లో క్షమాపణ చెప్పకుండానే చనిపోయారు. గ్వాంగ్జులో కాల్పులకు ఎవరు ఆదేశించారన్నది నేటికీ పూర్తిగా తేలలేదు.

కోర్టులు, కమిషన్లు తేల్చలేనిది ఇంకా ఉంది. జనం మాత్రం తేల్చుకున్నారు. మార్షల్ లా అనే మాట వినగానే ఏం జరుగుతుందో వాళ్లకు కొత్తగా ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. బతికి, చూసింది చెప్పమని యూన్ ఇంటికి పంపిన పిల్లలు, వాళ్ల తరం అంతా దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. డిసెంబర్ 3 రాత్రి పార్లమెంట్ ముందు నిలబడిన వాళ్లలో, గ్వాంగ్జు నాటికి పుట్టని యువతే పెద్ద సంఖ్యలో ఉన్నారు.