ఫలూజాలో గెలిచిందెవరు?

2004 నవంబర్ 7 రాత్రి ఇరాక్‌లోని ఫలూజా మీద దాడి మొదలైంది. 1968లో వియత్నాంలోని హుయే తర్వాత అమెరికా మెరైన్లు చేసిన అతి పెద్ద నగర యుద్ధం ఇది. బలగాలు మొట్టమొదట పట్టుకున్నది ఆయుధాల డంపును కాదు, ఆసుపత్రిని! చావుల లెక్క అక్కడి నుంచే బయటికి పొక్కుతోందని సైన్యానికి కోపం.

ఈ మంట ఆ రాత్రి అంటుకున్నది కాదు. 2003 ఏప్రిల్ 28న, బడిలో తిష్ఠ వేసిన అమెరికా సైనికులు ఖాళీ చేయాలని జనం ఊరేగింపు తీశారు. సైనికులు కాల్పులు జరిపారు. 17 మంది చనిపోయారని స్థానికులు చెప్పారు. ముందు తమ మీదే కాల్పులు జరిగాయని సైన్యం అన్నది. 2004 మార్చి 31న నలుగురు అమెరికన్ ప్రైవేటు భద్రతా సిబ్బందిని చంపి, కాల్చి, శవాలను వంతెనకు వేలాడదీశారు. ఆ ఘాతుకాన్ని మేం సమర్థించం. బందీల గొంతులు కోసిన ముఠాలనూ సమర్థించం. అయితే నలుగురి చావుకు నగరం నగరమే శిక్ష అనుభవించాలా?

ఏప్రిల్‌లో మెరైన్ల తొలి దాడి అర్ధంతరంగా ఆగింది. నవంబర్‌లో ఇల్లిల్లూ తిరిగి పోరాడారు. చాలామంది జనం ముందే ఊరు విడిచారు. పోరాడే వయసున్న మగవాళ్లను మాత్రం బయటికి పోనివ్వలేదు. సుమారు 95 మంది అమెరికన్ సైనికులు, వెయ్యిమందికి పైగా తిరుగుబాటుదారులు చనిపోయారు. సామాన్యులెందరు? ఆ లెక్క ఎవరూ సరిగ్గా తీయలేదు. తెల్ల భాస్వరాన్ని తిరుగుబాటుదారుల మీద ఆయుధంగా వాడినట్టు పెంటగాన్ 2005 నవంబర్‌లో గానీ ఒప్పుకోలేదు.

ఇంత నెత్తురు దేనికి? జనహనన ఆయుధాల కోసమా? వాటి నిల్వలు లేవని అమెరికా సొంత తనిఖీ బృందమే 2004 అక్టోబర్‌లో తేల్చేసింది. ఎన్నికల కోసమా? 2005 జనవరి 30న ఫలూజా ఉన్న అన్బర్ రాష్ట్రంలో ఓటేసింది సుమారు 2 శాతమే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు! అదీ పరాయి ఇల్లు.

2014 జనవరిలో అదే ఫలూజా ఐసిస్ చేతికి చిక్కింది. 2016లో ఇరాక్ సైన్యం మళ్లీ యుద్ధం చేసి విడిపించుకోవాల్సి వచ్చింది. అటు చచ్చినవాళ్లూ, ఇటు చచ్చినవాళ్లూ ఎక్కువమంది ఇరవైల్లోని పిల్లలే. వాళ్లను యుద్ధానికి తోలిన బుష్, రమ్స్‌ఫెల్డ్ మాత్రం ఏ బోనూ ఎక్కలేదు.

ఒక్క దెబ్బతో తిరుగుబాటు అణిగిపోతుందని ఏ సర్కారు చెప్పినా మనం అడగాల్సింది ఒక్కటే: ఆ తిరుగుబాటు పుట్టిన రోజు, ఆ బడి ముందర, మీరేం చేశారు?