మన పిల్లలు: అమ్మ తిరిగొచ్చిన ఆ నిమిషం

మా పెద్దమ్మాయికి పదకొండో నెలలో విజయవాడలో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాం. ఇద్దరికీ ప్రాజెక్టులు, డేకేర్ ఖర్చు. మనలో చాలామంది చేసిన పనే. ఏడు నెలల తర్వాత వెళితే పాప మా ఆవిడని చూసి అమ్మమ్మ భుజంలో ముఖం దాచుకుంది. "కొత్త కదా, సర్దుకుంటుంది" అన్నాను నేను. ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు.

చాలా ఏళ్ళకి మేరీ ఐన్స్‌వర్త్ గురించి చదివినప్పుడు ఆ రోజే గుర్తొచ్చింది. ఆవిడ 1913లో ఒహాయోలో పుట్టి, టొరంటోలో పెరిగి, అక్కడే 1939లో సైకాలజీలో డాక్టరేట్ చేశారు. 1950లో పెళ్ళయ్యాక భర్త చదువు కోసం లండన్, 1954లో ఆయన ఉద్యోగం కోసం ఉగాండా. (మన హెచ్-4 అక్కచెల్లెళ్ళకి ఈ వరస కొత్తేమీ కాదు!) లండన్‌లో జాన్ బౌల్బీ దగ్గర పనిచేశారు. ఉగాండాలో అక్కడి భాష కొంత నేర్చుకుని, కంపాలా చుట్టుపక్కల 26 కుటుంబాల ఇళ్ళకి వెళ్ళి తల్లీబిడ్డలను నెలల తరబడి గమనించారు.

తర్వాత బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్‌లో ఉండగా ఇంకో 26 కుటుంబాలు. మూడు వారాలకొకసారి, వెళ్ళినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు. బిడ్డకి ఏడాది నిండాక ఆటబొమ్మలున్న గదిలో చిన్న పరీక్ష. అమ్మ కాసేపు బయటికి వెళుతుంది, తిరిగొస్తుంది. దాని పేరు స్ట్రేంజ్ సిట్యుయేషన్. వెళ్ళినప్పుడు ఎంత ఏడ్చిందన్నది ఆవిడకి ముఖ్యం కాదు, వచ్చాక ఏం చేసిందో చూశారు. గోల పెట్టినా అమ్మ ఎత్తుకోగానే ఊరుకుని మళ్ళీ బొమ్మల దగ్గరికి వెళ్ళే బిడ్డకి అమ్మ మీద భరోసా ఉన్నట్టు. అసలు ఏడవకుండా, అమ్మ వస్తే ముఖం తిప్పుకునే బిడ్డని మనం "బుద్ధిమంతురాలు" అంటాం. అలాంటి పిల్లల గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటోందని తరువాతి పరిశోధకులు కనిపెట్టారు.

ఇరవై నిమిషాల గదితో ఒక ఇంటిని తూచెయ్యడం నాకు పూర్తిగా నచ్చదు. ఎప్పుడూ తల్లిని విడవని జపాన్ పసివాళ్ళు ఆ గదిలో మరీ ఎక్కువ ఏడ్చారట. కానీ బిడ్డ ఒక్క తల్లినే కాదు, నాన్ననీ, అమ్మమ్మనీ కూడా అంటిపెట్టుకుంటుందని ఐన్స్‌వర్త్ ఉగాండాలోనే చూశారు. 1999లో కన్నుమూసిన ఆ పెద్దావిడకి నేను ఋణపడింది ఆ మాటకే.

పాపతోపాటు మా అత్తగారూ అమెరికా వచ్చారు. ఆర్నెల్లయ్యాక ఆవిడ తిరిగి వెళ్ళిన రోజు ఎయిర్‌పోర్టులో పాప ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాలేదు. చివరికి మా ఆవిడ ఎత్తుకుంటే, ఆవిడ మెడ పట్టుకునే నిద్రపోయింది.